కిటికీ అవతల పడేసిన దారాలు

ఒరేయ్ తమ్ముడూ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం వండి మూత పెట్టాను. తినే ముందు నీ కుట్టుమిషన్ పక్క కిటికీ తెరిచి పిచ్చుక గూడు చూడు.

చెత్తబుట్ట కాళ్ల దగ్గరే ఉన్నా, కత్తిరించిన దారాలన్నీ ఆ కిటికీలోంచే ఊడ్చేస్తావు. వాటితో పిచ్చుక గూడు కట్టుకుంటే, "నా దారంతో ఇల్లు కట్టింది చూడండి" అని వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయావు. ఇవాళ కూడా పిలిచి చూపించు. పొద్దున ఒక పిల్ల ఎగరబోయింది. కాలికి దారం చుట్టుకుని, తలకిందులుగా వేలాడి చచ్చిపోయింది. తల్లి ఇంకా పురుగులు తెచ్చి దాని నోటికి అందిస్తోంది.

కావాలనే దాన్ని తియ్యలేదు. చేసినవాడివి నువ్వే తియ్యి. గూట్లో ఇంకో పిల్ల బతికుంది. దాని కాలికీ దారం బిగుసుకుంది. అంత సన్నటి చోట నాకు కత్తెర ఆడదు, నీకు ఆడుతుంది. లేవగానే ఆ పని చూడు. స్టూలు కిటికీ కిందే పెట్టాను.

– అక్క

అది నీలం దారం. పోయిన నెల నాకు యూనిఫాం కుట్టావే, దానిదే. ఇవాళ అదే వేసుకున్నాను. నీ దారం గట్టిదేరా, ఒక్క కుట్టు కూడా ఊడలేదు.