మణికట్టు నొప్పి

చిల్లకల్లు,
మార్చి, 1964

ప్రియమైన ఆరోగ్యమ్మక్కకు,

తమ్ముడు ప్రేమానందం వందనాలు. ఇక్కడ అందరం కులాసా అని ప్రతి ఉత్తరంలోనూ అలవాటుగా రాసేసేవాణ్ణి. ఈసారి ఆలోచించి రాస్తున్నాను. కృపావతి కులాసాగా ఉంది. ఆపరేషన్ చేసిన చోట పూర్తిగా మానింది. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి బిందె ముట్టనివ్వడం లేదు. దానికి రోజూ నాతో తగువే. నేను నీళ్ళు తెస్తుంటే పేటలో అందరూ చూస్తున్నారని దాని బాధ. చూడనీ. మన అబ్బాయి కృపారావుకు నందిగామ స్కూల్లో ఉద్యోగం ఖాయమైంది. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తున్నాను అని మాత్రం ఈసారి రాయలేకపోతున్నాను. ఎందుకో చివర్లో రాస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మిరప రెండో కోత అయింది, కాయ బాగుంది. నేను ఎప్పటిలాగే జగ్గయ్యపేటలో కొట్టు పద్దులు రాస్తున్నాను. ఈ రోజుల్లో చీకటి పడ్డాకే ఇంటికి చేరుతున్నాను. నువ్వు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చూడితో ఉన్న గేదె పెయ్యను పెట్టింది. చర్చి పైకప్పు సగం నేశారు, మిగతా సగం పెద్దల వాదనలు తేలాక నేస్తారట.

ఇక అసలు సంగతి. నందిగామ డాక్టరమ్మకు పరీక్ష కోసం నీ పేరిచ్చానని పోయిన ఉత్తరంలో ఒక్క ముక్క రాస్తే, "ఆ డాక్టరమ్మ దగ్గర ఇచ్చిన నా పేరు వెంటనే కొట్టించెయ్. ముట్లుడిగిన ఒంటికి పరీక్షలేంటిరా, కోసేసిన చేనుకు కాపలా కాసినట్టు! నా ఒళ్ళు దేవుడికి తెలుసు, అది చాలు. నువ్వు మగాడివి, ఈ గొడవ నీకెందుకు?" అని రాశావు.

కొట్టించను అక్కా. చిన్నప్పటి నుంచీ నువ్వు చెప్పిన మాట కాదన్నది లేదు. ఈ ఒక్కటీ కాదంటున్నాను. ఎందుకో కోపం పక్కన పెట్టి చదువు.

నిరుడు వేసవిలో కృపావతికి మోకాళ్ళ నొప్పులని నందిగామ తీసుకెళ్ళాను. భారతీదేవి గారని ఒక డాక్టరమ్మ గుంటూరు నుంచి ప్రతి బుధవారం అక్కడికి వస్తారు. పేదా గొప్పా అని చూడకుండా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడే మనిషి. కృపావతిని వయసు అడిగి, "ముట్లుడిగాయా అమ్మా?" అన్నారు. నేను బయటికి నడవబోయాను. "మీరూ కూర్చోండి. మీరు వింటే తప్పేమీ లేదు" అన్నారు. కూర్చున్నాను.

ఆమె చెప్పింది ఇదీ. "ఇన్నాళ్ళూ మేం కాన్పుల గురించే చదువుకున్నాం అండీ. కాన్పులన్నీ అయిపోయి, ముట్లు కూడా ఉడిగాక ఆడమనిషి ఇంకా ఇరవై ఏళ్ళో ముప్పై ఏళ్ళో బతుకుతుంది. ఆ కాలంలో ఆమె ఒంట్లో ఏం జరుగుతుందో మాకు తెలిసింది తక్కువ. అది తెలుసుకోవాలని ఈ పరిశోధన. రోగం ముదిరినవాళ్ళు ఎలాగూ వస్తారు, ఆలస్యంగా. నాకు బాగున్నవాళ్ళు కావాలి. బాగున్నప్పుడే చూసి, మళ్ళీ ఏటేటా చూస్తూ ఉంటే జబ్బును మొలకలోనే పట్టుకోవచ్చు. కానీ ఊళ్ళలోకి వెళ్ళి ముట్లుడిగినవాళ్ళు ఎవరని అడిగితే ఒక్కరూ పలకరు. ఎట్లా కనుక్కోను?"

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. "నెల మొదటి ఆదివారం ముందు శనివారం మా పేటకు రండమ్మా. అందరూ ఒక్కచోటే ఉంటారు" అన్నాను.

మన పద్ధతి నీకు తెలియనిది కాదు. నెల మొదటి ఆదివారం ప్రభు బల్లలో పంచే రొట్టెకు పిండి పిసికేది ముట్లుడిగిన ఆడవాళ్ళే. ఏ అయ్యగారూ పెట్టిన నియమం కాదు, ఏ గ్రంథంలోనూ లేదు. మన అవ్వలు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో, అలా నడిచిపోతోంది. ఫలానా ఆమెకు ముట్లుడిగాయని పేటలో ఎవరూ నోటితో అనరు. ఒక శనివారం వెళ్ళి పిండి ముందు కూర్చుంటుంది, అందరికీ తెలిసిపోతుంది. డాక్టరమ్మ అదంతా విని, "ఇంతకన్నా మంచి దారి నాకు ఏ కాలేజీలోనూ దొరకదు" అన్నారు.

అన్నట్టే జీపులో వచ్చారు. చెప్పులు విడిచి, చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్నారు. నేను గోడ అవతల ఉన్నాను. మన ఆదెమ్మ పిన్నే ముందు మొదలుపెట్టింది.

"ఉన్నన్నాళ్ళూ మూల కూచోమన్నారు. పోయాక జీపేసుకొచ్చి అడుగుతున్నారు. ఏం చోద్యమమ్మా!"

"పరీచ్చంటే మార్కులేస్తారాండి?" అంది పుష్పవతి. "సున్నా వస్తే మళ్ళా ఒకటో తరగతిలో కూచోబెడతారా ఏంది?"

"ఈ పరీక్షలో సున్నా వస్తేనే పాసు అమ్మా" అన్నారు డాక్టరమ్మ.

ఆ నవ్వులు నీకు వినిపించాల్సింది. తర్వాత వివరంగా చెప్పారు. పెద్ద నొప్పేమీ ఉండదు, లోపలి నుంచి కొద్దిగా తుడిచి గాజుపలక మీద పూస్తారు, గుంటూరులో దాన్ని పెద్దగా చూపించే యంత్రం కింద పెట్టి చూస్తారు. లేవబోతూ, "మీలో అందరూ వచ్చినట్టేనా?" అని అడిగారు.

"సౌభాగ్యమ్మొక్కతే రాలేదండి. మణికట్టు నొప్పంట, పిండి పిసకలేదు" అంది ఆదెమ్మ పిన్ని.

"మణికట్టు నొప్పి నా పరిశోధనలో లేదులే" అని నవ్వి, డాక్టరమ్మ జీపెక్కారు. ఆమెకు తెలియలేదు, మాకూ తెలియలేదు.

ఆ నెలలోనే మనవాళ్ళు నందిగామ వెళ్ళి పరీక్ష చేయించుకొచ్చారు. అందరివీ బాగున్నాయి, కృపావతిది తప్ప. దానికి నొప్పి లేదు, రక్తం లేదు, తిండి తగ్గలేదు. గాజుపలక మీద మాత్రం కాన్సరు మొదలవుతున్న జాడ కనిపించింది. గర్భసంచి తీసేస్తే సరిపోతుంది, ఇంకెక్కడికీ పాకలేదు అన్నారు. సెప్టెంబరులో గుంటూరులో ఆపరేషన్ అయింది. అప్పుడు నీకు కడుపులో గడ్డ అని మాత్రమే రాశాను. క్రిస్మస్‌కు వచ్చినప్పుడూ నువ్వు బెంగపడతావని, నీకు చెప్పొద్దని కృపావతి పేటలో అందరినీ బతిమాలింది. క్రిస్మస్‌కు నువ్వు చూసి వెళ్ళిన మనిషి చావు తప్పించుకున్న మనిషి అక్కా.

మేం గుంటూరులో ఉండగానే ఇక్కడ పెద్దలు కూర్చున్నారు. ఇకమీదట పిండి దగ్గరికి డాక్టర్లు రాకూడదు, కోతపడిన మనిషి కాబట్టి కృపావతి పిండి ముట్టకూడదు, అని తీర్మానం. తిరిగొచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ పెద్దల్లో పెద్దాయన జ్ఞానయ్య గారు అందరి ముందూ లేచారు.

"ఒరే ప్రేమానందం, నోట్లో నాలుక లేనోడివనుకున్నాం. ఆడోళ్ళ సంగతులు ఊరూరా మోసే పని నీకెందుకురా? దేవుని రొట్టె కాడికి జీపులు తోలుకొస్తావా?"

నా సంగతి నీకు తెలుసు. సంఘంలో ప్రార్థన చెయ్యమన్నా చెమటలు పట్టేవి. ఆ రోజు పట్టలేదు. లేచి నిలబడ్డాను.

"జ్ఞానయ్య గారూ, నా భార్యకు గర్భసంచిలో కాన్సరు మొదలైందండి. డాక్టరమ్మ చూశారు కాబట్టి బతికింది. మీరు వద్దన్నా మళ్ళీ ఏడాది చూపిస్తాను. ఆ పై ఏడాదీ చూపిస్తాను. వచ్చే శనివారం ఆవిడ పిండి కాడ కూచుంటుంది."

చర్చిలో మగాడి నోట గర్భసంచి అన్న మాట అదే మొదటిసారి అయ్యుంటుంది. అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఆదెమ్మ పిన్ని గొంతు వినిపించింది. "నాకు సరిగ్గా వినపళ్ళేదు అబ్బాయ్. మళ్ళా ఒకసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను. మొదటిసారి కన్నా గట్టిగా.

పెద్దలు తీర్మానం వెనక్కి తీసుకోలేదు. కృపావతి లేకపోతే మేమూ లేమని ఆ శనివారం ఒక్క ఆడమనిషీ పిండి ముట్టలేదు. జ్ఞానయ్య గారు పంతానికి పోయి జగ్గయ్యపేట నుంచి బన్నులు తెప్పించారు. తియ్యగా ఉన్నాయని కుర్రకారు రెండోసారి వరసలో నిలబడ్డారు. అయ్యగారు నవ్వాపుకోలేక అటు తిరిగి ప్రార్థన చేశారు. పై నెల ఎవరూ పిలవకుండానే ఆడవాళ్ళు వచ్చారు. కృపావతిని మధ్యలో పీట మీద కూర్చోబెట్టారు. జ్ఞానయ్య గారు నాతో మాట్లాడటం మానేశారు. నేను రోజూ ఎదురుపడి వందనం పెడుతూనే ఉన్నాను.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ గెలిచిన సంగతులు. ఓడింది కూడా రాయాలి.

జనవరిలో సౌభాగ్యమ్మ మిరపచేలో పడిపోయింది. ఆమె భర్త బాలస్వామి బండి కట్టి నందిగామ తీసుకెళ్ళాడు. తోడు కృపావతి వెళ్ళింది. డాక్టరమ్మ చూసి, బాలస్వామిని బయటికి పిలిచి, కాన్సరు ముదిరిపోయింది, చెయ్యడానికేమీ లేదని చెప్పారు. లోపల సౌభాగ్యమ్మ కృపావతి చెయ్యి పట్టుకుని అంది.

"రెండేళ్ళయిందే. ఉడిగినవి మళ్ళా కనపడ్డయ్. దేవుని పిండి ముట్టుకోకూడదుగా. ఊరికే మానేస్తే అడుగుతారని మణికట్టు నొప్పన్నా."

"నాకైనా చెప్పొద్దా అక్కా?"

"ఏమని చెప్పనే? ఈ వయసులో మళ్ళా పెద్దమనిషయ్యానని నవ్వరా?"

ఫిబ్రవరిలో పోయింది. కబురు తెలిసి డాక్టరమ్మ మన పేటకు వచ్చారు. "ఆ రోజు ఆ మాట విని నవ్వి వెళ్ళిపోయాను" అని ఒక్కటే అన్నారు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనిపించిందంటే అది వయసు తిరిగి రావడం కాదట, వెంటనే చూపించుకోవాల్సిన గుర్తట. వచ్చిన ప్రతివాళ్ళకూ కాన్సరే కానక్కర్లేదు, కానీ చూడకుండా ఎవరూ చెప్పలేరట. ఇప్పుడామె ఏ ఊరు వెళ్ళినా, ఈ మధ్య మడి వంట మానేసిందెవరు, రొట్టెపిండి మానేసిందెవరు అని ముందు అడుగుతున్నారు. బాగున్నవాళ్ళు పిండి దగ్గర దొరికారు. చూడాల్సినవాళ్ళు మాత్రం మణికట్టు నొప్పులని ఇళ్ళల్లో ఉండిపోయారు.

అక్కా, ఇంతసేపూ నేను రాయలేక తిరుగుతున్న మాట ఇది. సౌభాగ్యమ్మను మట్టి చేసి వస్తుంటే నాకు క్రిస్మస్ గుర్తొచ్చింది. నువ్వు ఎప్పుడు వచ్చినా పిండి దగ్గర ముందు కూర్చునేదానివి. మొన్న క్రిస్మస్ ప్రభు బల్లకు మాత్రం కూర్చోలేదు. "మణికట్టు బెణికిందిరా" అన్నావు. మర్నాడు పొద్దున నువ్వే బావిలో నీళ్ళు తోడి, ఉతికిన దుప్పటి ఒక్కదానివే మెలిపెట్టి, చుక్క నీరు లేకుండా పిండేసి దండెం మీద వేశావు. నేను అరుగు మీద పళ్ళు తోముకుంటూ చూశాను. ఆ చేతికి ఏ బెణుకూ లేదు.

అందుకే నిన్ను అడక్కుండా నీ పేరు ఇచ్చాను. ఈ సంగతి కృపావతికి, డాక్టరమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను పొరపాటు పడ్డానేమో. పొరపాటైతే అంతకన్నా సంతోషం లేదు, వచ్చి డాక్టరమ్మ చేత ఆ మాట అనిపించు. దేవుని చిత్తం అంటావు. ఆ డాక్టరమ్మను మన పేటకు తెచ్చిన జీపు కూడా ఆ చిత్తంలోదేనని నేనంటాను. బైబిలు పట్టుకుని కంభం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఎవరికి జ్వరమొచ్చినా ఆసుపత్రికి నడిపించేదానివి నువ్వే. నీ దాకా వస్తే నీ ఒళ్ళు దేవుడికొక్కడికే తెలియాలా? ఒప్పుకోను. మనకు అమ్మ పోయాక నువ్వే అమ్మవి. రెండోసారి అమ్మ లేకుండా పోవడానికి ఒప్పుకోను. నువ్వు తిట్టు, మాట్లాడటం మానెయ్, నీ పేరు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇవన్నీ నోటితో చెప్పడం నా వల్ల కాదు, అందుకని రాశాను. పోస్టులో వేస్తే చదువుకుని, మడిచి, బైబిల్లో పెట్టుకుని ఊరుకుంటావు. అందుకని కంభం దాకా నేనే తెస్తున్నాను. నీ చేతికిచ్చి అరుగు మీద కూర్చుంటాను. నువ్వు లోపలికెళ్ళి తలుపు వేసుకుని చదువుతావని కూడా తెలుసు. రానంటే వాదించను, వాదించడం నాకు రాదు. లేచి మాత్రం వెళ్ళను. దారిన పోయేవాళ్ళు ఎందుకు కూర్చున్నావయ్యా అని అడిగితే, మన చర్చిలో చెప్పినంత గట్టిగా చెబుతాను. సాయంత్రం రైలుంది. బుధవారానికి నందిగామలో ఉండాలి. రెండు చీరలు పెట్టుకో, చాలు. మిగతావి కృపావతి చూసుకుంటుంది.

చదవడం అయింది కదా. తలుపు తియ్యి అక్కా.

ఇట్లు,
నీ అరుగు మీద కూర్చున్న తమ్ముడు,
ప్రేమానందం