సామి వేషం ఈ ఏడు ఎవరికి

జనవరి 8

బళ్ళారి వెళ్ళి వచ్చాను. లేదట. మా ఊరి నాటకానికి ఈ ఏడు సర్కారు సాయం లేదట. గుమాస్తా తల కూడా ఎత్తకుండా "ఈ వర్ష ఇల్ల, మేష్ట్రే" అన్నాడు. వచ్చే ఏడో అంటే "నోడోణ" అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో ఈ వయసులో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ రోజుకు కలిసొచ్చింది అదొక్కటే.

జనవరి 9

ఎర్రిస్వామికి చెప్పలేదు. రైసు మిల్లులో మూటలు దించి నేరుగా సాధనకు వచ్చాడు. ఒళ్ళంతా తవుడు. వచ్చీ రాగానే పద్యం ఎత్తుకున్నాడు. పై స్థాయిలో జారాడు... మూటలు మోసిన రోజు ఎప్పుడూ అంతే. తిట్టాను. "రేపటికి సరి చేస్తా, మేష్ట్రే" అని నవ్వాడు. రెండేళ్ళుగా సామి వేషం, అదే దేవుడి వేషం, వాడిదే. వేషం కోసమని జుట్టు పెంచాడు, నడక మారింది, కాస్త పొగరు కూడా వచ్చింది. రానీ. రావలసిందే.

రేపు చెబుతాను.

జనవరి 12

ఇంకా చెప్పలేదు.

మా వైపు ఊరి నాటకాల్లో వేషం పాడేవాడిది కాదు, డబ్బు పెట్టేవాడిది. ఎక్కువ పెట్టుకున్నవాడు సామి. ఆ తర్వాతివాడు రాజు. చేతిలో ఏమీ లేనివాడు ఈటె పట్టుకుని ద్వారం దగ్గర నిలబడాలి. నా జీవితమంతా అట్లా కొనుక్కున్న సాములకే హార్మోనియం వాయించాను. శ్రుతి దేశనూరులో ఉంటే గొంతు హచ్చొళ్ళిలో ఉండేది. దండం పెట్టి దక్షిణ తీసుకుని ఇంటికొచ్చేవాణ్ణి.

సర్కారు సాయం వచ్చినప్పుడు ఒక షరతు వచ్చింది. వేషం వేసేవాళ్ళ దగ్గర పైసా తీసుకోరాదు. ఏ ఆఫీసరు ఏం ఆలోచించి పెట్టాడో, వాడు చల్లగా ఉండాలి. దాంతో ఊళ్ళో మొదటిసారి నన్ను అడిగారు — ఎవరు పాడగలరు, మేష్ట్రే? కేరి నుంచి, ఆ వెలివాడ నుంచి, ఎర్రిస్వామి వచ్చాడు. చదువు రాదు, అంతా చెవితోనే నేర్చాడు. ఊరి చివర కేరివాళ్ళ తల మీదికి కిరీటం రావడం అదే మొదలు.

సామి తెర దాటి రాగానే హారతి పట్టడం ఆనవాయితీ. ఆ రాత్రి ఊరి పెద్ద తిమ్మారెడ్డి తల్లే పట్టింది, కళ్ళు మూసుకుని. మర్నాడు అదే ఎర్రిస్వామి వాళ్ళ కల్లంలో పనికి పోతే చెంబు ఎత్తి పైనుంచి నీళ్ళు పోసింది. అయినా ఒక రాత్రి ఒక రాత్రే కదా. నాటకానికి పెట్టింది దండగ అంటారు. ఆ రాత్రిని చూడనివాళ్ళ మాట అది.

జనవరి 17

చెప్పాను. తువ్వాలు దులిపి మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత "మనకొక్కరికేనా? అందరికీ లేదా?" అని అడిగాడు. అందరికీ లేదన్నాను. కాస్త తేలికపడ్డాడు. అందరికీ లేదో, మాకొక్కరికే లేదో నాకేం తెలుసు!

జనవరి 20

గుడి మెట్ల దగ్గర పెద్దలు కూర్చున్నారు. తిమ్మారెడ్డి మాట్లాడాడు. యశ్వంతనగర్ గనులకు లారీలు తిప్పుతున్నప్పటి నుంచి ఆయన మాట ఇంకా బరువెక్కింది.

"ఉగాదికి ఆట నిలిచిపోతే ఊరి మానం పోతాది. స్టేజీ, లైట్లు, వేషాల బాడిగ — అన్నీ నావి. సామి వేషం మా వినయ్‌ది."

నేనే నసిగాను — ఎర్రిస్వామి సాధన చేస్తున్నాడు కదా...

"సర్కారు దుడ్డు ఉన్నెప్పుడు సర్కారు మాట. ఇప్పుడు నా దుడ్డు. తప్పేమన్నా ఉండాదా, మేష్ట్రే?"

లేదు. ఆయన మాటలో తప్పు వెతికితే దొరకలేదు. అదే నా బాధ.

ఇంకెవరో అందుకున్నారు. "కేరిలో మోరీకి దిక్కులేదు, నాటకానికి సర్కారు ఎందుకియ్యల్లప్పా?" మోరీ కావాలి, మురుగు పోవాలి. ఎవరు వద్దన్నారు? నాటకం సాయం ఆగింది, మరి కేరికి మోరీ వచ్చిందా? అదీ రాలేదు. ఈ మాట ఇంటికొచ్చాక తోచింది. నాకు మాటలన్నీ ఇంటికొచ్చాకే తోస్తాయి.

జనవరి 21

హార్మోనియం తెరవలేదు.

జనవరి 25

వినయ్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. అదొక చిక్కు. తండ్రి లారీల పని అంతా వాడే చూస్తాడు. "నాకు పద్యాలు యాడొస్తాయి, మేష్ట్రే? సుమ్నే, ఊరికే మా నాయన బలవంతం" అన్నాడు. ఒక పద్యం పాడించాను. కాకి నయం.

వాడే ఉపాయం చెప్పాడు. "ఎర్రిస్వామి తెర ఎనక మైకు పెట్టుకుని పాడతాడు. నేను ముందర పెదవులు ఆడిస్తా. ఇద్దరికీ సరిపోతాది." తిమ్మారెడ్డి సంబరపడిపోయాడట. ఎర్రిస్వామికి కూలి కూడా ఇస్తారట.

ఛీ అనాలి. "వాడినే అడుగు" అన్నాను.

జనవరి 26

ఒప్పుకున్నాడు. "పాడకుండా ఉండేదానికన్నా మేలు కదా, మేష్ట్రే. మైకులో ఊరంతా వింటాది."

జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. తవుడు పడి దురదగా ఉందట.

ఫిబ్రవరి 3

తెర కట్టి మొదటిసారి ఆడించాం. ఎర్రిస్వామి ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు. పై స్థాయిలో ఒక్కచోటా జారలేదు. ముందర వినయ్ చెయ్యెత్తి నిలబడ్డాడు. నిండైన మనిషి, చూడ్డానికి సామిలాగే ఉన్నాడు. పద్యం ముగిసింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వినయ్ దండం పెట్టాడు.

తెర వెనక ఎర్రిస్వామి కూడా దండం పెట్టాడు. హార్మోనియం పక్కవార ఉంటుంది కాబట్టి నాకు ఇటూ అటూ కనిపిస్తుంది. నాకొక్కడికే కనిపించింది.

ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. పొగ అన్నాను.

ఫిబ్రవరి 4

నేను వాయించనంటే? సిరుగుప్ప నుంచి ఎవరినో కీబోర్డుతో సహా తెస్తారు. ఆట ఆగదు. నా అలక ఎవరికి కావాలి?

సర్కారు ఇచ్చినప్పుడు అది ఎవరి దయా కాదు. సబ్బు కొన్నా పన్నే, అగ్గిపెట్టె కొన్నా పన్నే. అందులో ఎర్రిస్వామిదీ ఉంది. వాడు తన డబ్బుతో తను కిరీటం పెట్టుకున్నాడు, ఎవరికీ తల వంచకుండా. ఇప్పుడు తిమ్మారెడ్డి దయ వల్ల పాడతాడు. పద్యం అదే, రాగం అదే. మనిషి మాత్రం తెర వెనక్కి పోయాడు.

ఇది ఎవరికి చెప్పను? ఆ గుమాస్తాకా? నోడోణ అంటాడు.

ఫిబ్రవరి 6

సాధన. బాగానే జరిగింది. అందరూ సంతోషంగా ఉన్నారు... నేను తప్ప. ఎర్రిస్వామి సంతోషంగా ఉన్నాడో లేదో అడగడానికి భయం.

ఫిబ్రవరి 7

పొద్దున్నే హులిగెమ్మ వచ్చింది, ఎర్రిస్వామి తల్లి. లోపలికి రమ్మన్నా అరుగు ఎక్కలేదు. కోపంగా ఏమీ లేదు. గొడవకు వచ్చిందేమో, నన్ను దులిపేస్తుందేమో అనుకున్నాను. దులిపినా బాగుండేది.

"నా కొడుకు ఈ తూరి ఎనకాల పాడతాండాడంట కదా, మేష్ట్రే?"

"అవునమ్మా."

"మంచిదే. పాడనీ." కొంగు సర్దుకుంది. "ఒక మాట అడిగి పోదామని వచ్చినా. ఆట దినం నేను యాడ కూకోవల్ల? ముందర కూకుంటే రెడ్డి కొడుకు మొగం కనపడతాది. నా కొడుకు ఎనకాల ఉండాడు. ఆడికి ఆడోళ్లను రానిస్తారా?"

కనుక్కుని చెబుతానమ్మా అన్నాను. సరేనంది.

వెళ్ళలేదు. అరుగు కింద అట్లాగే నిలబడింది.