ఇచ్చినవన్నీ నా గదిలోకే

వదినా,

పరాయి దేశంలో ఇంత అన్నం పెడుతున్నవాళ్లకు ఏదైనా ఇవ్వమన్నావని ఈ ఇంటివాళ్లకు మంచి దుప్పటి కొనిచ్చాను. సాయంత్రానికల్లా అది నా మంచం మీదే ఉంది. నచ్చలేదేమోనని గోడ గడియారం తెచ్చాను. ఇంటాయన స్టూలెక్కి మరీ నా గదిలోనే మేకు కొట్టాడు. మొన్నటి పూలకుండీ కూడా నా కిటికీలోకే చేరింది. ఇది మర్యాదో, వద్దనడమో తెలియక బుర్ర తిరిగిపోయి ఇంటావిడనే అడిగేశాను.

"ఇవన్నీ మీ ఇంటి కోసం తెచ్చానండీ!"

ఆవిడ నాకంటే ఎక్కువ తికమకపడింది. "మరి ఆ గది ఎవరింట్లో ఉంది బాబూ?"

నెలాఖరుకు నా బేకరీ శిక్షణ అయిపోతుంది. వచ్చేముందు ఇంకొకటి ఇవ్వాలి. కానీ ఈసారి దాన్ని నా గదిలో పెడితే, అక్కడ నేనుండను కదా. ఏం కొనమంటావు వదినా?

నీ మరిది