ఎడమవైపు టెయిల్ లైటు

11 ఫిబ్రవరి 1968, ఆదివారం. సాయంత్రం 6 గం.

కారు వెనక ఎడమవైపు టెయిల్ లైటు పగిలింది. పగలగొట్టింది నేనే. ఈ మాట ఈ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా అనలేదు.

నౌపడ ఉప్పు మడుల దగ్గర కాన్పు చేసి బయల్దేరాను. తల్లీ బిడ్డా క్షేమం. ఆ సంతోషంలో వెనక్కి చూసుకోకుండా రివర్స్ చేశాను. సున్నం కొట్టిన మైలురాయికి తగిలింది. ఎర్ర అద్దం ముక్కలై రోడ్డు మీద రాలింది.

దిగేసరికి జనం చేరిపోయారు. ఉప్పు కంట్రాక్టరు అప్పలస్వామిగారు ఏమైందమ్మా అని అడిగారు. నవ్వు అప్పటికే ఆయన మీసాల కింద సిద్ధంగా ఉంది. టెక్కలి మొత్తానికి కారు నడిపే ఆడదాన్ని నేనొక్కదాన్నే. అన్నయ్య విజయనగరంలో తన పాత కారు తాళాలు నా చేతిలో పెడుతూ, ముందుకైతే ఎలాగో పోతావు పార్వతీ, వెనక్కి తియ్యాలంటే మాత్రం మగాణ్ణి పిలుచుకో అన్నాడు. సరిగ్గా ఆ మాటే గుర్తొచ్చింది.

రాయికి అవతల ఒక ఉప్పుబండి ఆగి ఉంది. దాని రెండెడ్లలో రాయి వైపు కట్టేసి ఉన్నది తెల్ల గిత్త. బండివాడు నీళ్లకు వెళ్లినట్టున్నాడు, కనపడలేదు.

గిత్త కొమ్ము విసిరింది అన్నాను.

మూడే మాటలు. అందరూ గిత్త వైపు తిరిగారు. అది నెమరు వేస్తోంది.

13 ఫిబ్రవరి

మా కాంపౌండరు నారాయణమూర్తిగారు పొద్దున్నే కారు తుడిచారు. లైటు చట్రంలో ఒక పక్కంతా సున్నం అంటుకుని ఉంది. చేత్తో గీకి చూశారు. తర్వాత తడిగుడ్డతో ఆనవాలు లేకుండా తుడిచేశారు. నేను వరండాలోనే నిలబడి ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు. ఉప్పుగాలికి లోపల హోల్డరు తుప్పెక్కిందనీ, బల్బు కూడా మార్చాలనీ మాత్రం చెప్పారు.

అద్దం, బల్బు పంపమని అన్నయ్యకు ఉత్తరం రాశాను. అందులోనూ గిత్తే. ఈసారి కింద నా సంతకం కూడా ఉంది.

17 ఫిబ్రవరి

అన్నయ్య జవాబు. ఎద్దు పొడిస్తే నీ తప్పేముందమ్మా, బెంగపెట్టుకోకు అని రాశాడు.

22 ఫిబ్రవరి, గురువారం

పార్సెల్ వచ్చింది. మెకానిక్కుని పిలవలేదు. నేనే స్క్రూలు విప్పాను. మూడింట్లో ఒకటి బిగుసుకుపోయింది, కిరసనాయిలు వేసి నానబెడితే వచ్చింది. హోల్డరు లోపలి తుప్పును గరుకు కాగితంతో రుద్దాను. బల్బుకి రెండు పిన్నులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. తిప్పి పెడితే ఎక్కదు. ఒక ఫిలమెంటు మామూలు దీపానికి, రెండోది బ్రేకుకి. ఈ వయసులో కొత్త అనాటమీ. అద్దం బిగించి, సీట్లో కూర్చుని బ్రేకు నొక్కాను. వెనక నిలబడి నారాయణమూర్తిగారు, ఎలుగుతున్నాదమ్మా అన్నారు. ఒక్క నిమిషం నిజంగా గర్వపడ్డాను.

అప్పుడే గేటు దగ్గర ఒకతను తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. పేరు గంగులు. ఆ బండి తనదేనన్నాడు.

"మా గిత్త మీ కారుని పొడిసీసిందట గదా, డాక్టరమ్మా. అది ఎన్నడూ ఎవుల్నీ పొడిసిన గిత్త కాదు. మీరు సెప్పినారంటే నిజమే మరి. మీకు అబద్దమాడాల్సిన పనేటున్నాది?"

దాన్ని సంతలో అమ్మేశాడట. ఇంట్లో మూడేళ్ల మనవరాలు దాని కాళ్ల సందునే ఆడుకుంటుందట. ఇవాళ అద్దం, రేపు పిల్ల అనుకున్నాడట. ఇన్నాళ్లూ మొహం చెల్లక రాలేదనీ, తప్పు కాయమనీ చేతులు జోడించాడు.

పరవాలేదులే అన్నాను.

నేను అతన్ని క్షమించాను!

23 ఫిబ్రవరి

పేషెంట్లు ముప్పై ఒక్కమంది. ఒక్కరి కళ్లలోకీ చూడలేదు.

27 ఫిబ్రవరి

గంగులు భార్య గున్నమ్మ మెడనొప్పని వచ్చింది. ఉప్పుగంపలు మోస్తోందట. ఒంటెద్దుతో బండి కదలదు. ఇద్దరూ మడుల్లో కూలికి పోతున్నారు. మాత్రలిచ్చి, బరువులు మోయొద్దని చెప్పాను. ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరెలా వచ్చిందో!

ఆమె వెళ్లాక నారాయణమూర్తిగారు సీసాలు సర్దుతూ, నావైపు తిరక్కుండానే అన్నారు: "ఆ సున్నం నేను తుడిసీకుండా ఉండాల్సిందమ్మా."

నాకంటే ముందు ఆయన సిగ్గుపడ్డారు.

28 ఫిబ్రవరి, మధ్యాహ్నం

గంగులు ఇంటికి వెళ్లాను. అరుగు మీద చాప వేశారు. కూర్చోలేదు. వాకిట్లో బండి, కాడి నేలకానించి ఉంది. ఇరుగుపొరుగు వాళ్లంతా ఉన్నారు. వాళ్లు వెళ్లాక చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకే అందరిముందూ చెప్పాను. లైటు నేను పగలగొట్టాననీ, అప్పలస్వామిగారు నవ్వుతారని భయపడి గిత్త మీదకు నెట్టేశాననీ.

గున్నమ్మ ఊరుకోలేదు. "ఇంత సదువుకున్నావు, నోరులేని దాని మీదకి తోసీసినావేటమ్మా?" అని కడిగేసింది. అలాగే అనాలి.

గంగులు వెళ్లి ఖాళీ కాడి మీద చెయ్యి వేశాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"దూడప్పట్నించీ నా సేతి మేత తిన్నాది," అన్నాడు చివరికి. "ఆరేళ్లు సూసినాను గదా దాన్ని. సూసింది ఇడిసీసి, ఇన్నది నమ్మీసేను."

2 మార్చి, శనివారం

గంగుల్ని కారులో ఎక్కించుకుని పర్లాకిమిడి అవతలి ఊరికి వెళ్లాను. కొన్న రైతు పేరు సోములు. కొన్న ధర నేనిస్తానన్నా మొదట ఇవ్వనన్నాడు. అతనికీ మొదట్నుంచీ చెప్పాను. రెండోసారి చెబితే తేలికవుతుందనుకున్నాను. కాలేదు. విన్నాక అతను గడ్డం గోక్కున్నాడు. అయితే తీసుకుపొండి అన్నాడు, కానీ ముందే చెబుతున్నాను, చూసి బాధపడొద్దు అన్నాడు.

పొడిచే గిత్త అని కొన్నాడు కదా. కొమ్ములు మొదలంటా కోయించేశాడు.

రెండు చోట్లా నెత్తురు గడ్డకట్టి ఉంది. ఈగలు. గంగులు తలగుడ్డ విప్పి ఈగల్ని తోలాడు. సోములు ఇంట్లో పసుపూ వేపనూనే అడిగి, గంగులే రాశాడు. నా మందుల పెట్టె కారులోనే ఉంది. నన్ను అడగలేదు.

తిరుగు ప్రయాణంలో గంగులు కారెక్కలేదు. గిత్తతో నడిచొస్తానన్నాడు. మీరెళ్లండమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

6 మార్చి

అన్నయ్యకు నిజం రాసి పోస్టు చేశాను. అప్పలస్వామిగారికి ఎదురుగానే చెప్పాను. ఆయన నవ్వారు. ఆ నవ్వుకు భయపడేనా ఇంత చేశాను! ఒక్క దగ్గు వచ్చినంతసేపు లేదు.

11 మార్చి, సోమవారం

నౌపడ రోడ్డులో గంగులు బండి ఎదురైంది. కారు ఆపి దిగాను. గాయం మానిందో లేదో చూద్దామని చెయ్యి చాపితే గిత్త బెదిరి, బండితో సహా రోడ్డు దిగిపోయింది.

గంగులు పగ్గం బిగించి, దాన్ని నిమురుతూ అన్నాడు: "ఎవుల సెయ్యి సూసినా అంతేనమ్మా. మీ సెయ్యనే కాదు లెండి."