భుజం తట్టాకే మాట

హెడ్మాస్టరు గారికి,

సంజాయిషీ అడిగారు, రాస్తున్నాను. నోటితో ఎన్నిసార్లు చెప్పినా గోడకు చెప్పినట్టే అయింది.

ద్వీపాంతరవాస శిక్ష పడ్డ ఖైదీల పాఠం కోసం తరగతిలోనే ఓడ కట్టాం. బల్లలు పక్కకి నెట్టి, సుద్దగీత లోపల పిల్లలందరినీ ఖైదీలుగా ఇరికించి కూర్చోబెట్టాను. భుజం తడితేనే ఖైదీ తన మనసులో మాట చెప్పాలి. మీరొచ్చి కేకలేసినా ఎవరూ నోరు మెదపనిది అందుకేనండీ, పొగరెక్కి కాదు.

మీరే ముందు కూర్చున్న ఒక అమ్మాయి భుజం పట్టి కుదిపారు. “రొట్టె దొంగిలించానండీ. మా అమ్మకి చెప్పకుండానే ఓడెక్కించేశారు” అంది. అది పాత్ర మాట, వెటకారం కాదు!

ఆ పిల్లకి టీసీ రాసేశారట. వాళ్ళమ్మకి కబురు పెట్టారా అని గుమస్తాగారిని అడిగాను.

“ఎందుకండీ? కాగితం పిల్లే పట్టుకెళ్తుందిగా!” అన్నారు.

ఇట్లు,
చరిత్ర టీచరు