సున్నా మార్కుల కార్నర్‌బ్యాక్

ఆగస్టు 27, బుధవారం. ఉదయం 6:10

ఈ రోజు నుంచి రోహన్ ఆట గురించి ఒక్క మాట అనను. ఒక్కటంటే ఒక్కటి! గిరిజ మీద ఒట్టు.

గిరిజ కాఫీ ఇస్తూ, "నా మీదెందుకు? మీ మీదే వేసుకోండి" అంది. సరే, నా మీదే ఒట్టు.

వాడికి పదిహేనేళ్లు. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కార్నర్‌బ్యాక్. అంటే, అవతలి జట్టువాడు బంతి విసిరితే, అందుకోబోయేవాడి వెంట నీడలా పరుగెత్తి అందకుండా చేయాలి. గిరిజ మొదటిసారి విన్నప్పుడు, "కార్నరూ, బ్యాకూనా? మూలా వెనకా తప్ప పిల్లాణ్ణి ముందు నిలబెట్టరా?" అంది.

పోయినేడు మ్యాచ్ అయిన ప్రతిసారీ, ఇంటికొచ్చే ఇరవై నిమిషాలూ కారులో వాడి ఆటకి రివ్యూ చేశాను. నేను క్యూఏ మేనేజర్ని. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టినందుకే జీతమిస్తారు. నాలుగో మ్యాచ్ నుంచి వాడు నరసింహ కారెక్కడం మొదలుపెట్టాడు. నరసింహది మా వీధే, వాళ్లబ్బాయి హర్షిత్‌ది కూడా అదే జట్టు.

ఈ ఏడాది గిరిజ రాయబారం నడిపింది. వాడి షరతు: "నాన్నా, నీ కార్‌లో వస్తా. కానీ నో రివ్యూ. ఒక్కసారి చేసినా మళ్లీ హర్షిత్ వాళ్ల కార్."

నవంబర్ 3కి వాడికి పదహారు నిండుతాయి. లైసెన్స్ వస్తుంది. ఆ తర్వాత నా పక్క సీటులో కూర్చోవాల్సిన అవసరం వాడికేముంది? క్యాలెండర్ చూశాను. అప్పటికి పది గురువారాలున్నాయి, పది మ్యాచ్‌లు.

పది ప్రయాణాలు నోరు మూసుకోలేనా? భేషుగ్గా మూసుకుంటాను!

ఆగస్టు 28, గురువారం

మొదటి మ్యాచ్. గెలిచారు. అరవలేదు.

కారులో నేను అన్నవి:
1. బెల్టు పెట్టుకో.
2. ఏసీ పెంచనా?
3. ఆకలేస్తోందా?

బాగా ఆడావని కూడా అనలేదు. ఆలోచిస్తే అదీ రివ్యూయే. అప్పుడు వాడంతట వాడే చెప్పాడు, ప్రాక్టీసులో కోచ్ విజిల్ పోతే మధ్యాహ్నమంతా నోటితోనే కూశాడట. ఇద్దరం పగలబడి నవ్వాం. ఏడాదైంది ఇలా నవ్వి. ఇంత సులువని తెలిస్తే పోయినేడే మొదలుపెట్టేవాణ్ణి.

సెప్టెంబర్ 4, గురువారం

అననని ఒట్టు వేశాను. రాయనని వేయలేదు.

షీట్ తెరిచాను. వాడి ఆట లెక్కలకి, ల్యాప్‌టాప్‌లో. వాడు పట్టిన బంతులు: 0. కొట్టి పడగొట్టినవి: 0. రెండు మ్యాచ్‌లు కలిపీ సున్నాయే. మైదానం రెండో వైపు హర్షిత్ ఉంటాడు. అటు మాత్రం బంతి మీద బంతి. మూడు పడగొట్టాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నరసింహ నా వీపు తట్టాడు, ఓదార్పో ఆనందమో తెలియలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

మూడో సున్నా.

ప్రశ్న అడగడం రివ్యూ కిందికి రాదు. అందుకని కారులో అడిగాను.

"బంతి నీ వైపు రాలేదేంరా?"

"రాకూడదు నాన్నా."

"అదేం సమాధానం?"

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. షీట్‌లో కొత్త కాలమ్ చేర్చాను: వైఖరి.

సెప్టెంబర్ 18, గురువారం

నాలుగో సున్నా. కారులో పెదవి విప్పలేదు. నిగ్రహానికి నాకు నేనే పదికి పది వేసుకున్నాను.

8:40. షీట్‌లో ఆఫీసు పద్ధతిలో రేటింగ్ ఇచ్చాను: "అంచనాలకు తగ్గట్టు లేడు." మనసు తేలికైంది. సేవ్ చేశాను.

8:41. షీట్ ఉన్నది ఫ్యామిలీ ఫోల్డర్‌లో అని గుర్తొచ్చింది. గ్రీన్‌కార్డు కాగితాలు ఉండే ఫోల్డర్. అందులో ఏది కదిలినా ముగ్గురి ఫోన్లూ మోగేలా పెట్టింది నేనే. ఒక్క షీటే కదా, చూడడేమో.

8:42. పై గదిలో ఫోన్ మోగింది.

8:50. దిగివచ్చాడు. అరిచినా బాగుండేది. "థాంక్యూ ఫర్ ద ఫీడ్‌బ్యాక్, నాన్నా" అని పైకి వెళ్లిపోయాడు. ఆఫీసులో నా టీమ్‌కి నేను నేర్పిన మాట అది. ఇంట్లో ఎప్పుడన్నానో!

సెప్టెంబర్ 19, శుక్రవారం

గిరిజ దోసెలు వేస్తూ మొదలుపెట్టింది.

"మీరు షీట్‌ని అడిగారు. నేను వాణ్ణే అడిగాను. పోయినేటి వీడియోలు చూసి, వీడి వైపు విసిరితే దక్కదని అవతలివాళ్లు అటు విసరడమే మానేశారట. అందుకే అన్నీ పాపం హర్షిత్ వైపు పోతున్నాయి."

నేను దోసె తుంచాను.

"మీ ఆఫీసులో సున్నా బగ్గులొస్తే కేకు కోస్తారు. వాడికి సున్నా వస్తే మొహం మాడ్చుకుంటారు. ఏం క్యూఏ అండీ మీది?"

ఇరవై రెండేళ్ల అనుభవం నాది. ఇంకో దోసె అడిగాను.

సెప్టెంబర్ 25, గురువారం

పొద్దున సారీ చెప్పాను. "ఇట్స్ ఫైన్" అన్నాడు. ఫైన్ అంటే ఏంటో ఇన్నేళ్లు అమెరికాలో ఉన్నాక నాకూ తెలుసు.

సాయంత్రం నరసింహ కారెక్కాడు. నాదీ అదే దారి కాబట్టి ఇంటిదాకా వాళ్ల వెనకాలే వచ్చాను. వెనక సీటులో పిల్లలిద్దరూ నవ్వుకుంటున్నారు.

అక్టోబర్ 2, గురువారం

సున్నా. శభాష్! మనసులోనే అనుకున్నాను.

పక్క సీటులో ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టాను. బెల్టు పెట్టమని కారు ఒకటే మొత్తుకోలు. బ్యాగుకి పెట్టాను.

అక్టోబర్ 9, గురువారం

సున్నా. బ్యాగు.

అక్టోబర్ 16, గురువారం

రాయాలని లేదు. రాస్తాను.

చివరి నిమిషం. మనవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. ఈ సీజన్‌లో మొదటిసారి బంతి వాడి వైపు వచ్చింది. అవతలి పిల్లాణ్ణి అంటిపెట్టుకునే పరుగెత్తుతున్నాడు. కానీ బంతిని చూడటం లేదు! ఎప్పుడు లేచానో తెలియదు.

"వెనక్కి చూడరా రోహన్!"

మైదానంలో నాలుగు వందల మంది ఉంటారు. తెలుగు తెలిసినవాళ్లం నలుగురం. అందులో ఒకడు వెనక్కి చూశాడు. బంతి వైపు కాదు, నా వైపు.

అవతలివాడు బంతి అందుకున్నాడు. టచ్‌డౌన్, వాళ్లకి ఆరు పాయింట్లు. ఓడిపోయాం.

నరసింహ నా వీపు తట్టలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. గిరిజ కూడా. అదే భరించలేకపోయాను.

షీట్ తెరిచాను. వాడి వైపు పడిన టచ్‌డౌన్లు: 1. ఆఫీసులో ఏ తప్పు జరిగినా మూలకారణం అని ఒక గడి నింపాలి. ఆ గడి చేర్చి రాశాను: "తండ్రి." వాడి రేటింగ్ కొట్టేసి, దాన్నే నా పేరు ఎదురుగా పెట్టాను. ఈసారి తెలిసే అదే ఫోల్డర్‌లో సేవ్ చేశాను.

పై గదిలో ఫోన్ మోగింది.

పది నిమిషాలకి గడి పక్కన వాడి కామెంట్ వచ్చింది: "అగ్రీడ్."

ఇంకో నిమిషానికి: "బట్ నేను కూడా బాల్ చూడాల్సింది."

నాకు ఏడుపొచ్చింది. షీట్ డిలీట్ చేశాను.

అక్టోబర్ 30, గురువారం

పదో గురువారం. మళ్లీ సున్నా, ఎంత ముద్దొచ్చిందో. వాడు నరసింహ కారు వైపు వెళ్తూ నా కారు దగ్గర ఆగి, బెల్టు పెట్టుకున్న బ్యాగుని చూసి నవ్వాడు. ఎక్కుతాడేమోనని ఆశపడ్డాను. ఎక్కలేదు.

మొత్తం పది. నా కారులో నాలుగు. చేతులారా పోగొట్టుకున్నవి ఆరు.

నవంబర్ 5, బుధవారం

లైసెన్స్ వచ్చేసింది. డ్రైవింగ్ ప్రాక్టీసంతా గిరిజతోనే చేశాడు. నాతో ఎందుకు చేయలేదో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నవంబర్ 6, గురువారం

ఆఖరి మ్యాచ్. బంతి అవతలి మూలన ఎక్కడో ఉండగా, నేనొక్కణ్ణే లేచి వాడికి చప్పట్లు కొట్టాను. చుట్టుపక్కల వాళ్లు వింతగా చూశారు. చూడనీ.

7:35. పార్కింగ్. బ్యాగుకి బెల్టు పెడుతుంటే కిటికీ మీద చప్పుడు. రోహన్. చెయ్యి చాపాడు.

"కీస్ ఇవ్వు నాన్నా. నేను డ్రైవ్ చేస్తా."

"హర్షిత్ వాళ్లు ఎదురుచూస్తున్నారేమో రా."

"వాళ్లకి చెప్పేశా. నువ్వు అటు కూర్చో. బ్యాగ్ వెనక పెట్టు." ఇంజిన్ స్టార్ట్ చేసి నా వైపు తిరిగాడు. "నో రివ్యూ. ఓకే?"

7:38. ఫోన్‌లో రాస్తున్నాను. ఈ క్షణం నుంచి వాడి డ్రైవింగ్ గురించి ఒక్క మాట అనను. ఒక్కటంటే ఒక్కటి! షీట్ కూడా తెరవను. నా మీద ఒట్టు.

7:44. హైవే. ముందు పెద్ద ట్రక్కు. దగ్గరగా. ఇంకా దగ్గరగా. నేను ఒక్క మాట అనలేదు. కుడి కాలితో, నా వైపు లేని బ్రేకుని బలంగా తొక్కాను.

వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నాన్నా, అది కూడా రివ్యూయే."

7:45. రేపటి నుంచి.