మెషిన్ పోల్చుకోని ముఖం

మంగళవారం, మానుకోట

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మెషిన్ ఈ రోజు ద్వాలక్కను పోల్చుకోలేదు. మిరపకాయ తొడిమలు తీసే పనికి ఆమె రెండు వారాల తర్వాత వచ్చింది. మూడుసార్లు నిలబెట్టినా 'వ్యక్తి తెలియదు' అనే చూపించింది. వెనక లైను పెరిగిపోతోంది. నాకు చిరాకేసింది.

రికార్డులో ఉన్న ఫోటో తెరిచాను. అందులో ఆమె చెంపల మీదికి వెండి ఘుగ్రీలు వేలాడుతున్నాయి. ఇప్పుడు లేవు. తేడా కనిపెట్టేశాననుకుని, "రేపు అవి పెట్టుకొని రా అక్కా, మెషిన్ గుర్తుపడతది" అన్నాను.

ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. "ఇగ పెట్టుకోరాదు సారూ. మా ఆయన పోయిండు. దినాలు నిన్ననే అయినయ్."

వాళ్ల లంబాడీ తండా మా ఊరి పక్కనే. భర్త పోతే ఘుగ్రీలు తీసేస్తారని చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో.

హాజరు చేత్తో రాసి లోపలికి పంపాను. సాయంత్రం పని అయ్యాక కొత్త ఫోటో తీశాను. అది ఎక్కిస్తే పాతది పోతుందని తెరమీద వచ్చింది. ఆమెకు చెప్పాను.

"తీసెయ్ సారూ. ఇంట్ల గూడ అన్నీ గిట్లనే తీసేసిండ్రు" అంది.

నొక్కాను. మళ్లీ నిలబెడితే వెంటనే పచ్చలైటు వెలిగింది. ఆమె మాత్రం కదల్లేదు. తెరమీది ముఖాన్ని కాసేపు చూసి, "గిది నేనేనా సారూ" అని అడిగింది.

అవునన్నాను.